వెనుక సీటు నుంచి స్టీరింగ్ ముందుకు: కారు నడపడంలోని ఆనందం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. బండి నడపడం ఈ ప్రాంతంలో ముందుగా ఒక వృత్తి. ఓపెన్‌కాస్ట్ గనుల్లో భారీ డంపర్లు నడిపే ఆపరేటర్లకు బరువు, వాలు, మలుపు, బ్రేకు నిత్యం లెక్కలోకి తీసుకోవలసిన విషయాలు. జీతం కోసం చేసే ఆ పనే సొంత కారులో ఆనందంగా ఎలా మారుతుంది? స్పోర్ట్స్ సెడాన్, కూపే వంటి కార్ల ఆకర్షణకు వేగమే కారణమన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. యంత్రంలోని పొందిక, యజమానే చోదకుడు కావడం అనే రెండూ కలిసినప్పుడే ఆ ఆనందం సాధ్యమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. వెనుక సీటు సంస్కృతి:

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నిజాముల ఊరేగింపు కారు. దాని వైభవమంతా వెనుక కూర్చునే ప్రభువు కోసం ఉద్దేశించినదే. స్వాతంత్ర్యానంతరం ప్రభువుల స్థానంలోకి అధికారులు వచ్చారు. వారు కూర్చునే చోటు మాత్రం మారలేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌లో రాక్ అండ్ పినియన్ స్టీరింగ్, ముందు టార్షన్ బార్ సస్పెన్షన్ వంటి మేలైన అమరికలు లేకపోలేదు. కానీ టన్నుకు పైబడిన బరువు, వెనుక కమాన్ పట్టీలు, 50 అశ్వశక్తి చుట్టుపక్కల ఇంజిన్ వాటి ప్రయోజనాన్ని కుదించాయి. విశాలమైన వెనుక సీటే ఆ కారు ప్రతిష్ఠకు ఆధారమైంది.

1984లో వచ్చిన కాంటెస్సా ఈ పరిమితిని మరింత స్పష్టం చేస్తుంది. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారు నుంచి తీసుకున్న దాని ఆకారం స్పోర్ట్స్ కారును తలపించినా, తొలినాళ్లలో లోపల ఉన్నది అంబాసిడర్ ఇంజినే. రూపం ఒక్కటే ఆనందాన్ని ఇవ్వలేదనడానికి ఇది నిదర్శనం.

3. యంత్రంలోని పొందిక:

స్పోర్ట్స్ సెడాన్ భావన 1960వ దశకంలో ఐరోపాలో స్థిరపడింది. బీఎండబ్ల్యూ సంస్థ 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 1500 మోడల్‌ను, 1968లో రెండు తలుపుల 2002ను ముందుకు తెచ్చింది. రెండు లీటర్ల ఇంజిన్, సుమారు 100 అశ్వశక్తి, టన్నుకు కాస్త తక్కువ బరువు 2002 ప్రత్యేకతలు. కుటుంబం ప్రయాణించగల కారే చోదకునికి సంతృప్తినీ ఇవ్వగలదని అది నిరూపించింది.

దీని వెనుక ఉన్న సూత్రం సరళమైనది. బరువు తగ్గినకొద్దీ కారు త్వరగా కదులుతుంది, త్వరగా ఆగుతుంది, త్వరగా దిశ మార్చుకుంటుంది. ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు అందితే ముందు చక్రాలు మలుపు తిప్పే పనికే పరిమితమవుతాయి. మలుపుకు ముందు బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు టైర్ల పట్టు పెరుగుతుంది. ఆ పట్టు ఎంత ఉందో, ఎంత మిగిలిందో స్టీరింగ్ ద్వారా చేతికి తెలియాలి. కారు చెప్పేది చోదకునికి అర్థం కావడం, చోదకుడు కోరినది కారు వెంటనే చేయడం – నడపడంలోని ఆనందమంతా ఈ సంభాషణలోనే ఉంది.

4. సరళీకరణ – చోదకుడైన యజమాని:

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తేలికైన చిన్న కారు. యజమానే స్వయంగా నడుపుకొనే అలవాటును అది మధ్యతరగతిలో విస్తరింపజేసింది. తరువాతి మలుపుకు బొగ్గుగనుల ప్రాంతంతో ఒక సంబంధం ఉంది. రామగుండానికి పొరుగున ఉన్న మంథని నియోజకవర్గానికి 1957 నుంచి 1977 వరకు శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే 1991 నూతన పారిశ్రామిక విధానం వచ్చింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తొలగింది.

1999లో వచ్చిన ఫోర్డ్ ఐకాన్ 1.6 లీటర్ల ఇంజిన్ 90కి పైగా అశ్వశక్తిని ఇచ్చేది. కారు బరువు సుమారు ఒక టన్ను. ముందు చక్రాలతో నడిచే కారైనా, శక్తికీ బరువుకూ ఉన్న నిష్పత్తిలో అది 1968 నాటి 2002కు దగ్గరగా వచ్చింది. ఐరోపా మధ్యతరగతికి అందిన అనుభవం ఇక్కడి మధ్యతరగతికి చేరడానికి మూడు దశాబ్దాలు పట్టిందన్నమాట. సాంకేతిక విజ్ఞానం లేకపోవడం కంటే, చోదకుని అనుభూతికి విలువ లేకపోవడం, పోటీ లేని విపణి ఈ ఆలస్యానికి ప్రధాన కారణాలు.

5. ముగింపు:

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో జరిగిన ఫార్ములా ఈ పందెం విద్యుత్ కార్ల సామర్థ్యాన్ని తెలుగువారికి కళ్లెదుట చూపింది. విద్యుత్ మోటారు శక్తిని తక్షణం అందిస్తుంది. బ్యాటరీ మాత్రం కారు బరువును పెంచుతుంది. తేలికైన కారు మితమైన వేగంలోనే చోదకునితో మాట్లాడుతుంది. బరువైన, అతి శక్తిమంతమైన కారులో అదే అనుభూతి కోసం ప్రమాదకరమైన వేగాన్ని ఆశ్రయించవలసి వస్తుంది. బొగ్గు లారీలు, ద్విచక్ర వాహనాలు, పాదచారులు పంచుకొనే గనుల ప్రాంతపు రహదారులపై ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. అందుచేత కారు నడిపే ఆనందాన్ని అశ్వశక్తితో కాక, ఎంత తక్కువ వేగంలో అది లభిస్తుందన్న దానితో కొలవడం సముచితం. డంపర్ ఆపరేటరుకు వృత్తి నేర్పిన నిగ్రహం, బరువుపై నిరంతర ధ్యాస ఈ కొలమానానికి సహజమైన పునాదులు.