పుట్టుకతో వచ్చే సంపూర్ణ హార్ట్ బ్లాక్

గుండెలోని పై గదుల (కర్ణికల) నుంచి కింది గదులకు (జఠరికలకు) విద్యుత్ సంకేతం అందక, కడుపులో ఉండగానే బిడ్డ గుండె నెమ్మదించే అరుదైన జబ్బు ఇది. సుమారు 15,000 నుంచి 20,000 కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. ఉరుగ్వే పిల్లల వైద్యుడు లూయిస్ మోర్కియో 1901లోనే ఇలాంటి పిల్లల గురించి రాశాడు. కారణం మాత్రం 1980ల్లో గానీ స్పష్టపడలేదు.

కొందరిలో గుండె నిర్మాణంలోనే లోపం ఉంటుంది. నిర్మాణం బాగానే ఉన్న బిడ్డల్లో కారణం చాలావరకు తల్లి రక్తంలో దొరుకుతుంది. ల్యూపస్, షోగ్రెన్ జబ్బుల్లో కనిపించే యాంటీ-రో, యాంటీ-లా యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. సంకేతాన్ని కిందికి పంపే ఏవీ నోడ్ వాచి, మచ్చకట్టి, పనిచేయడం మానేస్తుంది. ఎక్కువగా ఇది గర్భం 18–24 వారాల మధ్య జరుగుతుంది. యాంటీ-రో ఉన్న తల్లుల్లో కూడా నూటికి ఒకరిద్దరి బిడ్డలకే ఇలా అవుతుంది. అలాంటి తల్లుల్లో చాలామందికి అప్పటిదాకా ఏ జబ్బు లక్షణమూ ఉండదు. బిడ్డ గుండెను చూశాకే తమ రక్తం సంగతి తెలుస్తుంది. గ్రహణం పూట బయటికొచ్చిందనో, ఏదో తిన్నదనో తల్లిని నిందించడం అన్యాయం. ఈ మాట డాక్టర్ మొదటి రోజే ఇంటిల్లిపాదికీ చెప్పాలి.

పిండం గుండె మామూలుగా నిమిషానికి 110–160 సార్లు కొట్టుకుంటుంది. ఈ జబ్బులో ఎకో తీస్తే కర్ణికలు 140 దగ్గర క్రమం తప్పకుండా కదులుతూ, జఠరికలు వాటితో పొంతన లేకుండా 60 దగ్గర తమ లయలో తాము నడుస్తూ కనిపిస్తాయి. ఈ తేడా చూడకుండా, బిడ్డకు ప్రాణవాయువు అందడం లేదనుకుని నెలలు నిండకుండానే సిజేరియన్ చేసే ప్రమాదం ఉంది. నెలలు నిండకపోతే బిడ్డ పరిస్థితి మరింత కష్టమవుతుంది. వేగం 55 కన్నా తగ్గినా, ఒంట్లో నీరు చేరినా ముప్పు ఎక్కువ.

పూర్తిగా తెగిన సంకేతాన్ని మందులు తిరిగి కలపలేవు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడకంపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. పుట్టాక చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు పేస్‌మేకర్ తప్పదు. పసికందు రక్తనాళాలు సన్నవి కాబట్టి తీగలను గుండె పైపొరకే కుట్టి, బ్యాటరీని సాధారణంగా పొట్ట గోడలో అమరుస్తారు. బ్యాటరీ అయిపోయినప్పుడల్లా మార్చాలి. తల్లి యాంటీబాడీల వల్ల కొందరు బిడ్డలకు వచ్చే చర్మపు దద్దుర్లు 6–8 నెలల్లో పోతాయి. నోడ్ మచ్చ మాత్రం ఉండిపోతుంది.

ఒక బిడ్డకు వస్తే తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం దాదాపు ఆరింట ఒక వంతు. గర్భం పది వారాలు నిండకముందే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు మొదలుపెడితే ఆ ముప్పు సగానికి పైగా తగ్గిందని 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. కాబట్టి అలాంటి తల్లి మళ్లీ గర్భం అనుకున్నప్పుడే డాక్టర్‌ను కలవాలి.