కోలార్ బంగారు గనుల ప్రాంతంలో మూత్రకోశ వ్యాధుల చికిత్స

మారికుప్పం కర్ణాటకలోని కోలార్ జిల్లా కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) పట్టణంలో ఒక భాగం. బంగారుపేట నుంచి వచ్చే 16 కిలోమీటర్ల రైలుమార్గం ఇక్కడితో ఆగిపోతుంది. గనుల కోసం తరలివచ్చిన తమిళ, తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. ఈ కుటుంబాలకు మూత్రకోశ వ్యాధుల చికిత్స ఎలా అందుతుందో ఇక్కడ చూద్దాం. కిడ్నీలు, మూత్రాశయం, మూత్రమార్గం, పురుషుల్లో ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే జబ్బులను చూసే వైద్యశాఖ యూరాలజీ. ఈ జబ్బుల్లో మందులతో తగ్గేవీ ఉన్నాయి, ఆపరేషన్ తప్పనివీ ఉన్నాయి. చాలా ఆపరేషన్లకు ఇప్పుడు పొట్ట కోయనవసరం లేదు. అయితే చికిత్స చాలాసార్లు ఒక్క విడతతో ముగియదు కాబట్టి, ఆసుపత్రి ఎంత దూరంలో ఉందన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

గనులు, వేడి, గాయాలు

జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ 1880లో ఇక్కడ తవ్వకాలు చేపట్టింది. ఛాంపియన్ రీఫ్ గని దాదాపు 3.2 కిలోమీటర్ల లోతుకు దిగింది. ఆ లోతున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. అలాంటి వేడిచోట పనిచేసే మనిషి ఒంటి నుంచి చాలా నీరు చెమటగా పోతుంది. తాగే నీళ్లు చాలకపోతే మూత్రం చిక్కబడి, అందులోని కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా పేరుకుంటాయి. వేడిచోట్ల పనిచేసేవారికి కిడ్నీలో రాళ్ల ముప్పు ఎక్కువ కావడానికి కారణం ఇదే. కొలిమి, ఇటుక బట్టీ, భవన నిర్మాణ కూలీలకూ ఇది వర్తిస్తుంది.

రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తులనే కాక కిడ్నీలనూ దెబ్బతీయగలదు. ఈ గనుల్లో రాతిపొరలు ఒత్తిడికి పేలిపోయే ప్రమాదాలు తరచూ జరిగేవి. అలాంటి ప్రమాదంలో కటి ఎముక విరిగితే మూత్రమార్గం తెగవచ్చు. అప్పుడు కింది నుంచి గొట్టం వేయడానికి ప్రయత్నిస్తే గాయం పెద్దది కావచ్చు. పొత్తికడుపు మీదుగా మూత్రాశయంలోకి గొట్టం అమర్చి, సాధారణంగా కొన్ని నెలలు ఆగి, తెగిన మూత్రమార్గాన్ని మళ్లీ కలుపుతారు.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి దక్కాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కార్మిక కుటుంబాలకు కంపెనీ ఆసుపత్రి ఆసరా తప్పింది. ఇప్పుడు చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లివస్తారు.

కిడ్నీ రాళ్లు

నడుము పక్కన మొదలై గజ్జల్లోకి పాకే నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం కిడ్నీ రాళ్ల ప్రధాన లక్షణాలు. స్కానింగ్‌లో రాయి ఎక్కడుంది, ఎంతుంది అన్నది తేలాకే చికిత్స నిర్ణయిస్తారు. 5 మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం కింది భాగంలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల రాయి ఉంటే, నాళాన్ని సడలించే టామ్సులోసిన్ కొందరికి పనిచేస్తుంది. అంతకన్నా పెద్దదైనా, దారికి అడ్డం పడినా రాయిని తీయాల్సిందే.

బయటి నుంచి ధ్వనితరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతిని 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి రోగిపై వాడారు. మూత్రమార్గం గుండా సన్నని దుర్బిణి పంపి లేజర్‌తో రాయిని పొడిచేయడం మరో పద్ధతి. 20 మిల్లీమీటర్లు దాటిన కిడ్నీ రాళ్లకు వీపు నుంచి చిన్న రంధ్రం చేసి తీయడం మేలు. ఈ విధానాన్ని 1976లో స్వీడన్ వైద్యులు ప్రకటించారు.

ఆపరేషన్ తరవాత నాళంలో డీజే స్టెంట్ పెట్టడం మామూలే. రెండు కొసలూ మెలిక తిరిగిన ఈ మెత్తటి గొట్టం ఒక కొసతో కిడ్నీలో, మరో కొసతో మూత్రాశయంలో పట్టుకుని ఉంటుంది. ఇది తాత్కాలికమే అయినా, నొప్పి పోయిందని, పని మానుకోలేమని దాన్ని తీయించుకోకుండా వదిలేసేవారుంటారు. నెలలు గడిచేకొద్దీ స్టెంటు మీదే రాయి పేరుకుంటుంది. దాన్ని తీయడానికి మళ్లీ ఆపరేషన్లు పడతాయి. అందుకే తీయించుకోవలసిన తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి.

ఉలవచారు, అరటిదవ్వ రసం, కొండపిండి ఆకు ఈ ప్రాంతపు ఇంటి వైద్యాలు. వాటివల్ల కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు. యూరిక్ ఆమ్లపు రాళ్లను మాత్రం పొటాషియం సిట్రేట్ వంటి మందులతో కరిగించవచ్చు.

ప్రోస్టేట్ వాపు

యాభై దాటిన మగవాళ్లలో చాలామందికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రమార్గాన్ని నొక్కుతుంది. ధార సన్నబడటం, రాత్రి పదేపదే లేవడం, పోసినా ఇంకా మిగిలినట్టు ఉండటం మొదట కనిపిస్తాయి. టామ్సులోసిన్ కొద్దిరోజుల్లోనే పనిచేస్తుంది. అయితే దానివల్ల లేచి నిలబడగానే కళ్లు తిరిగే అవకాశం ఉంటుంది. ఫినాస్టరైడ్ అనే మరో మందు గ్రంథిని కుదించడానికి దాదాపు ఆరు నెలలు తీసుకుంటుంది. మందులకు లొంగకపోతే మూత్రమార్గం గుండానే అడ్డొచ్చిన భాగాన్ని చెక్కి తీసే టీయూఆర్‌పీ చేస్తారు. గ్రంథి బాగా పెద్దదైతే లేజర్ వాడతారు.

ఆగకూడని పరిస్థితులు

రాయి అడ్డంపడి చలిజ్వరం వస్తే కిడ్నీలో చీము చేరి ప్రాణం మీదికి వస్తుంది. ముందు స్టెంటుతోనో వీపు గొట్టంతోనో మూత్రానికి దారి చేస్తారు, రాయి సంగతి తరవాత. మూత్రం పూర్తిగా బిగిసిపోతే దగ్గరి ఆసుపత్రిలోనే గొట్టం వేయించుకోవాలి. అబ్బాయిలకు వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే అది మెలిపడిందేమో చూడాలి. ఆరు గంటలు దాటితే దాన్ని కాపాడటం కష్టమవుతుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, అందులోనూ పొగతాగేవారికి, మూత్రాశయ క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి.

వైద్యం దొరికే చోట్లు

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కోలార్ దగ్గర టమకలో 1986లో మొదలైన శ్రీ దేవరాజ్ అర్స్ వైద్య కళాశాలకు ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి అనుబంధం. సరిహద్దుకు అటువైపు ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. బెంగళూరులో కిడ్నీ, మూత్రకోశ వ్యాధులకే ప్రత్యేకించిన ప్రభుత్వ సంస్థ విక్టోరియా ఆసుపత్రి ప్రాంగణంలో పనిచేస్తోంది. బంగారుపేటలో రైలు మారి కాట్పాడి చేరితే వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి వెళ్లవచ్చు. 1971లో అక్కడ జరిగిన కిడ్నీ మార్పిడిని దేశంలో తొలి విజయవంతమైన మార్పిడిగా చెబుతారు.

నివారణ

రాయి ఒకసారి వచ్చినవారు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగాలి. చెమట ఎక్కువ పట్టే పనుల్లో ఉన్నవారికి ఇంకా ఎక్కువ కావాలి. ఉప్పు, మాంసం తగ్గించాలి. పాలు, పెరుగు మానకూడదు. ఆహారంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి, పూర్తిగా మానేస్తే రాళ్ల ముప్పు పెరుగుతుంది. పడిపోయిన రాయిని పారేయకుండా పరీక్షకు ఇస్తే, అది ఏ రకమో తెలిసి తదుపరి మందు, ఆహారం నిర్ణయించడం తేలికవుతుంది.