పాత ఆటపెట్టెలు - క్రొత్త టెలివిజన్లు

ఇందూరు సీమకు రెండు విధముల సంపద వచ్చినది. ఒకటి కాలువ వెంట, రెండవది కడలి దాటి. 1923లో మంజీరానదిపై ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ నేలకు చెరకును తెచ్చినది. 1937లో బోధను ప్రక్కన శక్కర్‌నగరులో వెలసిన కర్మాగారము ఆ చెరకును చక్కెర చేసినది. తరువాత, 1970ల నుండి, ఈ జిల్లా యువకులెందరో గల్ఫ్ దేశములకు పోయిరి. వారు సెలవులకు మరలి వచ్చునపుడు టేప్ రికార్డరు, రంగుల టెలివిజను, వీడియో ప్లేయరు వెంట వచ్చెడివి. 1990 ప్రాంతముల పిల్లలకొఱకు ఆటపెట్టెలును రాసాగినవి. క్యాసెట్టు దిగవేసి, పిడి చేతబట్టి, తెరమీది వీరుని ఎగిరించు ఆ పెట్టెను మన పిల్లలు వీడియో గేమనిరి.

ఆ పిల్లలే నేడు తలిదండ్రులు. అటకమీది పెట్టెను దింపి, తమ బిడ్డలకు చూపవలెనని క్రొత్త టెలివిజనుకు తగిలింతురు. బొమ్మ మసకగా నుండును. రంగులు ఒకదానిలో నొకటి అలుకుకొనును. బొత్తాము నొక్కిన కొంతసేపటికి గాని వీరుడు ఎగురడు. ఈలోపల గోతిలో పడును. పెట్టె చెడిపోయినదని తలచి పాత ఇనుప సామానులవానికి ఇచ్చివేయుదురు. మా యింటను అట్లే జరుగబోయినది. అదృష్టవశమున పొరుగింట గాజుగొట్టపు పాత టెలివిజనొకటి మిగిలియుండెను. దానికి తగిలింపగా అదే పెట్టె నిక్షేపముగా ఆడినది! మరి దోషమెవరిది? దీనికి చరిత్రయే సమాధానము చెప్పవలెను.

మన దేశమున టెలివిజను ప్రసారములు 1959లో ఢిల్లీలోను, 1977లో హైదరాబాదులోను మొదలైనవి. ఆ కాలపు టెలివిజనుకు సామాన్యముగా ఒకటే ద్వారము, ఏరియల్ రంధ్రము. అందుచేత 1972లో అమెరికాలో వెలువడిన మొదటి ఇంటి ఆటపెట్టె, మేగ్నవాక్స్ వారి ఒడిస్సీ, తానొక చిన్న ప్రసారకేంద్రమై బొమ్మను అలపై నెక్కించి ఆ రంధ్రమున పంపినది. 1983లో జపానున నింటెండో వారి ఫ్యామిలీ కంప్యూటరు సైతము ఆ త్రోవనే పట్టినది. మన బజారులకు చేరినవి చాలవరకు దీని అనుకరణలే. రేడియో ముల్లు త్రిప్పి కేంద్రమును పట్టినట్లే, మీట త్రిప్పి ఆటను పట్టవలసియుండెడిది.

ఈ పయనమున బొమ్మకు కలుగు నష్టమును చెరకు రైతులు సులువుగ గ్రహింపగలరు. చెరకుతోబాటు మన్ను మిల్లులోనికి పోయినచో, రసమునకు సున్నము వేసి, కాచి, తేర్చవలెను. వడగట్టిన మడ్డితో కొంత తీపియు పోవును. బొమ్మయు నట్టిదే. ఏరియల్ త్రోవలో వెలుగు, రంగు, ధ్వని మూడును కలసి పోవును; టెలివిజను వానిని తిరిగి విడదీయునపుడు కొంత చెడును. పసుపుపచ్చ ప్లగ్గు త్రోవలో ధ్వని విడిపోయినది గాని వెలుగును రంగును కలసియే యున్నవి. 1987లో వచ్చిన ఎస్-వీడియో ఆ రెంటిని వేరుపరచినది. ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడింటిని మూడు తీగలపై పంపుట అన్నిటికంటె శుభ్రమైనది. కలుపకయుండుట మేలు, కలిపి విడదీయుట రెండవ పక్షము.

ఐతే ఏ పెట్టె ఏది ఇయ్యగలదో తెలిసికొనవలెను. ఫ్యామిలీ కంప్యూటరు జాతిలో బొమ్మను గీయు చిప్పే వెలుగును రంగును కలిపివేయును. కావున పెట్టె విప్పి మార్పులు చేయనంతవరకు పసుపు ప్లగ్గే దానికి గతి. ఏరియల్ తీగకంటె అదియు ఎంతో నయము. 1988 నాటి సెగా మెగాడ్రైవు, 1994 నాటి సోనీ ప్లేస్టేషను మూడు రంగులను విడివిడిగా ఇయ్యగలవు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2కు బొమ్మకొఱకే మూడు ప్లగ్గులు గల కాంపొనెంటు తీగ తగును.

ఇక క్రొత్త టెలివిజను చేయు పొరపాటు వేరొకటి కలదు. పాత ప్రసారములలో బొమ్మ రెండు సగములుగా వచ్చెడిది. మొదట బేసి గీతలు, తరువాత సరి గీతలు. ఆటపెట్టెలు మాత్రము ఈ పద్ధతిని తప్పించి, సుమారు 240 గీతల పూర్తి బొమ్మను ప్రతిమారు అవే గీతలపై పంపెడివి. గాజుగొట్టము వచ్చినదానిని వచ్చినట్లు గీసెడిది. క్రొత్త టెలివిజను ఒక్కొక్క బొమ్మను సగమని భ్రమించి, రెండు వేర్వేరు క్షణముల బొమ్మలను ఒకటిగా అల్లును. అంచులు దువ్వెన పండ్లవలె చీలును. అల్లుటకు కాలము పట్టును గనుక వీరుడు ఆలస్యముగ ఎగురును.

దీనికి విరుగుడుగా గీతలను గుణించు పెట్టెలు వచ్చినవి. ఓపెన్ సోర్స్ స్కాన్ కన్వర్టరు, రెట్రోటింక్ అనునవి ఇట్టివి. ఇవి 240 గీతలను గుర్తించి, ప్రతి గీతను రెండు మూడు మార్లు గీయుచు హెచ్.డి.ఎం.ఐ. తీగద్వారా పంపును, మూడింతలైనచో 720 గీతలు. ఆ పూట పూట గీతలను గుణించుటయే గాని పూర్తి బొమ్మకై వేచియుండవు గనుక ఆలస్యము దాదాపు లేదు. మొదటిది పసుపు ప్లగ్గును స్వీకరింపదు. రెండవ జాతిలో స్వీకరించునవి కలవు. చవుక పెట్టెలు పెక్కు టెలివిజను చేసిన పొరపాటునే తామును చేయును. మఱియు టెలివిజనులో గేమ్ మోడ్ పెట్టవలెను. బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తిని 4:3గా నుంచవలెను. లేనిచో వీరుడు పొట్టివాడగును.

అన్నియు మరల రావు. బాతులను కొట్టు తుపాకి గాజుగొట్టపు మెఱుపును చూచి గురి తెలిసికొనెడిది. సమతలపు తెరపై అది పలుకదు. శక్కర్‌నగరు కర్మాగారము 2015లో మూతపడినది. పెద్ద యంత్రములను నిలుపుట ఒక్క యింటివారి వశము కాదు. అటకమీది చిన్న యంత్రము మాత్రము మన చేతిలోనిదే. ఇనుప సామానుల బండి వీధిలోనికి వచ్చినపుడు, ఆ పెట్టెను ఇచ్చివేయుటకు ముందు సరియైన తీగతో ఒక్కమారు పరీక్షింపుడు. నేరము దానిది కాకపోవచ్చును.