గడియారం మరచిన కాలం

నా పాత కంప్యూటరును ఆపి తెరిచినప్పుడల్లా అమరికలు చెరిగి, తేదీ 1980 జనవరి 1కి మళ్ళేది. డాస్ కాలగణనకు అది ఆదిదినం. మన లెక్కలో సిద్ధార్థి సంవత్సరం. నేనప్పటికి భాషాప్రవీణ విద్యార్థిని! గురువుగారి పాఠాలకు వ్రాసుకొన్న వ్యాఖ్య ప్రతులన్నింటికీ ఆ తేదీయే పడి, ఏది ముందో ఏది వెనుకో తెలియకుండా పోయింది.

కారణం చరిత్రలో ఉంది. 1981 నాటి ఐబీఎం పీసీలో అమరికలకు చిన్న మీటలుండేవి. విద్యుత్తు పోయినా అవి కదలవు. 1984 నాటి పీసీ ఏటీలో ఆ పని మోటరోలా గడియారపు చిప్పుకు అప్పగించారు. అందులో 64 బైట్లు: 14 గడియారానికి, 50 జ్ఞాపకానికి. బ్యాటరీ ఉన్నంతవరకే ఆ జ్ఞాపకం.

మదర్‌బోర్డుపై నాణెమంత ఉన్న 3 వోల్టుల బ్యాటరీని మార్చి, తేదీ సరిదిద్దాను. అమరికలు నిలిచాయి, ప్రతుల వరుస తిరిగి రాలేదు. మిత్రులారా, తాళపత్రాలకు పత్రసంఖ్య వేసిన లేఖకుడు నాకంటె వివేకి.