కాంటర్‌బరీ నీటి పటం: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

ఇంగ్లండులోని కాంటర్‌బరీ క్రైస్ట్ చర్చ్ మఠానికి నీళ్లు తెప్పించినవాడు ఆ మఠం పెద్ద (ప్రయర్) విబర్ట్. 1167లో చనిపోయాడు. ఆ గొట్టాల దారి చూపే పటం సుమారు 1165 నాటిది. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో ఉన్న ఎడ్విన్ కీర్తనల గ్రంథం చివర అది భద్రంగా ఉంది. దాని మీద లాటిన్‌లో పేర్లు రాసి ఉన్నాయి. కట్టడాల చరిత్ర రాసిన రాబర్ట్ విల్లిస్ 1868లో ఆ పేర్ల సాయంతోనే మఠంలోని ఒక్కో కట్టడాన్నీ పోల్చుకున్నాడు. చాలామంది దీన్ని భవనాల బొమ్మగా చూస్తారు. నాకు మాత్రం ఇది నీళ్ల బొమ్మ. గోడలు, కప్పులు నేల మీద పడుకోబెట్టినట్టు గీసినవాడు, గొట్టాల మలుపులను మాత్రం ఎంతో ఓపికగా గీశాడు. ఎక్కడ ఏ నీరు పోతుందో తెలిసేలా రంగులు కూడా వేశాడు.

ఊట ఇల్లు. పట్టణానికి ఈశాన్యాన, గోడకు బయట. ఊటలన్నీ చేరే గుండ్రటి చిన్న కట్టడం.

అయిదు కుండీలు. ఊట ఇంటి నుంచి వచ్చిన నీరు వరసగా అయిదు కుండీల్లో ఆగి ఆగి వస్తుంది. ఆగినచోట ఒండ్రు అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీరు ముందుకు సాగుతుంది. అడుగున చేరిన బురదను బయటికి వదలడానికి కుండీలకు విడిగా చిన్న గొట్టాలున్నాయి. పటంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నవి ఈ చిన్న గీతలే. కట్టి వదిలేసేవాడికి ఇవి అక్కర్లేదు. పూడిక తీయాల్సిన రోజు వస్తుందని తెలిసినవాడే వీటిని గీస్తాడు.

పొలం, ద్రాక్షతోట, పండ్లతోట. గొట్టం వీటి కింద నుంచి వస్తుంది. పైన పైరున్నా కింద ఏముందో తర్వాతి తరానికి తెలియాలంటే పటం ఒక్కటే దారి.

కడుగుడు బురుజు. నీరు పల్లమెరుగు అంటాం. మూసిన గొట్టంలో మాత్రం అది మిట్ట కూడా ఎక్కుతుంది, కాకపోతే బయలుదేరిన చోటికన్నా ఎత్తుకు పోలేదు. ఊట ఎత్తున ఉంది కాబట్టే ఈ బురుజు పై అంతస్తులో, సన్యాసులు చేతులు, ముఖం కడుక్కునే తొట్టిలోకి నీరు ఎక్కేది. ఎవరూ తోడి పోయనక్కర్లేదు. బురుజు కింది భాగం నేటికీ నిలిచి ఉంది. పై భాగాన్ని తర్వాత తిరిగి కట్టారు. ఇక్కడి నుంచి భోజనశాల, వంటిల్లు, రోగుల విడిది, బీరు తయారుచేసే చోటు, రొట్టెల భట్టీ అన్నిటికీ కొమ్మ గొట్టాలు చీలాయి.

చేపల కొలను. మాంసం తినరాని రోజుల కోసం. దీనిలో పొర్లిన నీరు కూడా వృథా కాదు. ఎటు పోతుందో కింద చూడండి.

మరుగుదొడ్డి. దీనికి లాటిన్‌లో నెసెస్సారియం అని పేరు, ‘తప్పనిది’ అని అర్థం. 145 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న పెద్ద హాలు. 55 మంది కూర్చునే పీటలు. కింద ఒక చివర నుంచి మరో చివరికి కాలువ. ఆ కాలువలో పారేది కొత్త నీరు కాదు: కొలను పొర్లు నీరు, వాడిన నీరు, పైకప్పుల మీద నుంచి జారిన వాననీరు. ఈ మూడూ ఒకచోట చేరి పెద్ద కాలువను కడుగుతాయి. శుభ్రమైన నీరు ఒక చుక్కైనా ముందుగా మురుగులోకి పోదు. వాడిన నీరే మళ్లీ వాడుకలోకి వస్తుంది. నగరాల్లో మురుగు గొట్టాలు వేసే కాలానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ లెక్క ఇంత స్పష్టంగా కాగితం మీద... కాదు, తోలు మీద ఉంది. గీసినవాడు మురుగు దారిని మంచినీటి దారికి ఏమాత్రం తీసిపోని శ్రద్ధతో గీశాడు. ఈ సమానత్వమే నాకు పటంలో గొప్ప విషయం.

బావి పక్కన స్తంభం. లోపల బోలుగా ఉంటుంది. పక్కనే ఉన్న రాతను బట్టి, బయటి నీరు రానప్పుడు బావి నీళ్లు తోడి ఈ స్తంభంలో పోస్తే అన్ని విభాగాలకూ అందుతాయి. అంటే స్తంభం అడుగు ఊట నీరు పారే గొట్టాలకే కలుస్తుంది. ఊట ఎండినా, పొలం కింద గొట్టం పగిలినా, బాగుచేసేంతవరకు వంటింటికీ రోగుల విడిదికీ నీళ్లు ఆగవు.