పారిస్ జపాను లక్క, విశాఖపట్టణం దంతపు పని: శిల్పుల గుర్తింపు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
18వ శతాబ్దిలో పారిస్‌లో జపాను లక్క పలకలు తాపిన విలాసవంతమైన గృహోపకరణాలు తయారయ్యాయి. అదే కాలంలో విశాఖపట్టణంలో దంతంపై గీతలు చెక్కి, వాటిలో లక్క నింపిన ఉపకరణాలు తయారయ్యాయి. ఈ రెండింటిలోను లక్క స్వభావాన్ని వేరుచేసి చూపడం, వాటి శిల్పుల పేర్లు చరిత్రలో నిలిచిన తీరును పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లక్క, దంతపు పొదుగు పని, జపాను లక్క, ఉత్తరాంధ్ర, శిల్పుల చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
ఉత్తరాంధ్రలో ఫ్రెంచివారి ప్రస్తావన రాగానే 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం గుర్తుకు వస్తుంది. 1753లో సలాబత్ జంగు శ్రీకాకుళం సర్కారుతో సహా నాలుగు సర్కార్లను బుస్సీకి అప్పగించాడు. 1757లోనే విశాఖపట్టణంలోని ఇంగ్లీషు వర్తకస్థావరం ఫ్రెంచివారి వశమైంది. యుద్ధచరిత్రగా ఈ ఘట్టం సుపరిచితం. ఇవే సంవత్సరాలలో పారిస్‌లోనూ విశాఖలోనూ వడ్రంగం ఉన్నతస్థాయిలో ఉండడం మాత్రం తెలుగులో తగినంత చర్చకు రాలేదు. 1950లో విశాఖపట్టణం జిల్లా నుంచి శ్రీకాకుళం విడివడింది. 1979లో ఆ రెండింటి భాగాలతో విజయనగరం జిల్లా ఏర్పడింది. కనుక విశాఖ దంతపు పని ఈ ప్రాంతమంతటికీ ఉమ్మడి వారసత్వమే.

2. ఒక మాట – రెండు పదార్థాలు:
సంస్కృత ‘లాక్షా’ శబ్దమే ‘లక్క’గా తెలుగులోకి వచ్చింది. అదే శబ్దం పారశీకం మీదుగా ఐరోపా భాషలకు చేరి, చివరకు జపాను పూతకు కూడా పేరయింది. నిజానికి ఈ రెండూ వేర్వేరు పదార్థాలు. మన లక్క కొమ్మలపై కీటకాలు స్రవించే జిగురు. వేడికి కరుగుతుంది, నిప్పుకు అంటుకుంటుంది. భారతకథలోని లక్కయింటికి ఆధారం ఈ గుణమే. జపాను లక్క ‘ఉరుషి’ చెట్టు పాలు. గాలిలోని తేమకు గట్టిపడుతుంది, గట్టిపడ్డాక వేడికి కరగదు. పొరపై పొరగా పూసి, తడి ఆరకముందే బంగారు పొడి చల్లి చిత్రాలు తీర్చడం జపానువారి పద్ధతి.

ఉరుషి ఐరోపాలో దొరకదు. అందువల్ల అక్కడివారు అనుకరణకు మన లక్కనే ఆశ్రయించారు. 1688లో ఇంగ్లండులో స్టాకర్, పార్కర్ ప్రచురించిన గ్రంథంలోని విధానాలలో కీటకపు లక్కతో చేసే వార్నిషులు ప్రధానమైనవి.

3. పారిస్ పద్ధతి:
17వ శతాబ్ది మధ్యభాగం నుంచి జపానుతో నేరుగా వ్యాపారం చేసే ఐరోపావారు డచ్చివారొక్కరే. వారి ఓడలలో చేరిన లక్క బీరువాలను, తెరలను పారిస్ వర్తకులు కొని, పై పలకను పలుచగా కోసి వేరుచేయించేవారు. వంపు తిరిగిన సొరుగుల బల్లలకు తగినట్లు ఆ పలకలను వెనుకవైపు ఇంకా చిత్రిక పట్టి, అతికించి, అంచులకు బంగారు పూత పూసిన కంచు పట్టీలు బిగించేవారు. 1737లో ఫ్రాన్సు రాణి మరీ లెచిన్‌స్కా కోసం వర్తకుడు ఎబేర్ ఫోంతెన్‌బ్లో భవనానికి అందించిన సొరుగుల బల్ల ఈ తరహాకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ. 1783లో రీసెనేర్ మరీ ఆంత్వానెత్ కోసం చేసిన ఉపకరణాలు దీని పరాకాష్ఠ. ఇక్కడ జపాను శిల్పి పని ముడిసరుకుగా మారిపోయింది. అతని చిత్రం ఎక్కడ తెగాలో పారిస్ రంపం నిర్ణయించింది.

4. విశాఖ పద్ధతి:
విశాఖలో 17వ శతాబ్ది చివరినాటికే టేకు, నల్లచేవ, జిట్రేగి కర్రలలో దంతాన్ని పొదిగే పని సాగుతోంది. అంచుల వెంట సాగే లతలు, పూలు తీరప్రాంతపు అద్దకం బట్టలను గుర్తుకు తెస్తాయి. 18వ శతాబ్ది రెండవ భాగంలో గంధపుచెక్కపై పూర్తిగా దంతం తాపడం ప్రచారంలోకి వచ్చింది. పలుచని దంతపు పలకపై సన్నని పనిముట్టుతో గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి, పైన మిగిలినదాన్ని తీసివేసి నునుపు చేస్తారు. తెల్లని నేలపై నల్లని గీతలు సిరాతో గీసినంత స్పష్టంగా నిలుస్తాయి. ఇంగ్లీషు అచ్చుచిత్రాలలోని భవనాలను కూడా శిల్పులు ఈ విధంగా దంతంపైకి దించారు.

పారిస్‌లో లక్క వస్తువును కప్పే ఉపరితలం. విశాఖలో అది గీతకు ప్రాణం పోసే పూరణం. అందువల్ల ఈ పనిని జపాను పనికి అనుకరణగా భావించడం సమంజసం కాదు. కొనుగోలుదారు ఐరోపావాడు, వస్తువు ఆకారమూ అతనిదే. పొదుగు, గీత, పూరణం స్థానిక శిల్పులవి.

5. పేర్ల ప్రశ్న:
18వ శతాబ్ది మధ్యనాటికి పారిస్ వడ్రంగుల సంఘ నియమాల ప్రకారం శిల్పి తన ముద్రను వస్తువుపై వేయాలి. ‘బి.వి.ఆర్.బి.’ అన్న ముద్ర గల ఉత్తమ శిల్పి ఎవరో చాలాకాలం తెలియలేదు. అతడు బెర్నార్ వాన్ రీసెన్‌బర్గ్ అని 1957లో నిర్ధారణ అయింది. నాలుగు అక్షరాలే రెండు శతాబ్దాల తరువాత ఒక మనిషిని చరిత్రకు తిరిగి ఇచ్చాయి.

విశాఖ శిల్పులకు అటువంటి ముద్ర లేదు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఆస్తి వేలంలో, 1781లో, మూడవ జార్జి రాజు రాణి షార్లెట్ కోసం దంతం తాపిన ఆసనాలను కొన్నాడు. అమ్మినవారెవరో, కొన్నవారెవరో చరిత్రకెక్కింది. చేసినవారి పేరు ఎక్కలేదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల ఈ తరహా వస్తువులకు ఊరి పేరే గుర్తింపు. జిల్లా గెజిటీర్లు కులవృత్తిగా కంసాలుల పేరు చెప్పి ఊరుకున్నాయి. కులం పేరు శిల్పి పేరుకు ప్రత్యామ్నాయం కాదు.

6. ముగింపు:
- ‘లక్క’ అన్న ఒకే మాట వెనుక రెండు పదార్థాలు, రెండు పని విధానాలు ఉన్నాయి.
- విశాఖ దంతపు పనిలో లక్క వినియోగం స్వతంత్రమైనది.
- పారిస్‌లో ముద్ర వేసిన వడ్రంగి నిలిచాడు. జపాను లక్క శిల్పి, విశాఖ దంతశిల్పి ఇద్దరూ అనామకులయ్యారు.

దేశంలో దంతపు వర్తకం చట్టరీత్యా నిషిద్ధం. ఏనుగుల రక్షణకు అది అవసరం కూడా. ఆ పని ఇక కొనసాగదు కనుక దాని చరిత్రను నమోదు చేసే బాధ్యత మరింత పెరిగింది. కుంఫిణీ వర్తకస్థావరాల లెక్కలు, సంస్థానాల జమాఖర్చులు, శిల్పుల కుటుంబాలలోని మౌఖిక సంప్రదాయం ఈ దృష్టితో పరిశోధించదగినవి. కూలి చెల్లించిన ఒక్క పద్దులో దొరికే పేరైనా నాలుగక్షరాల ముద్ర చేసిన పనిని చేయగలదు.