ప్రేరణ ఛార్జింగ్
ప్రేరణ ఛార్జింగ్ అనగా ఫోనుకు తీగ తగిలించకుండా, అయస్కాంత క్షేత్రం ద్వారా దాని బ్యాటరీని ఛార్జి చేయు పద్ధతి. దీనికి మూలం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పొలాలలో 11 కిలోవోల్టులను మోటార్లకు తగినట్లు సుమారు 415 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఈ సూత్రంపైనే. అందులో రెండు తీగచుట్టలను ఇనుప కోర్ కలుపుతుంది. ఫోను చుట్టకు, ఛార్జింగ్ పలక చుట్టకు నడుమ అట్టి కోర్ లేదు; కనుక ఫోను కొద్దిగా పక్కకు జరిగినా శక్తి వృథా అయి వేడిగా మారుతుంది. ఫోన్లలో వాడుకలో ఉన్న ప్రమాణం పేరు 'చీ'. ఇది ప్రాణశక్తి అను అర్థం గల చైనా పదం, తెలుగు ఛీత్కారం కాదు. పలకపై నాణెం, తాళంచెవి ఉంచరాదు. సుడి ప్రవాహాల వలన అవి కాలిపోయేంత వేడెక్కగలవు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఈ విధంగా ఛార్జి అవుతున్న ఐఫోన్‌ను 30 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంచవలెనని ఆపిల్ సంస్థ సూచన. పలకకు మాత్రం తీగ ఉండనే ఉంటుంది.